లోహ-కర్బన పంజరం

లోహ అయాన్లు, లైగాండ్లు అనబడే కర్బన అణువులు ద్రావణంలో తమంతట తామే కూడి ఏర్పరచే బోలు అణువును లోహ-కర్బన పంజరం అంటారు. దీని ఆకృతిని లైగాండ్ల జ్యామితి ద్వారా నియంత్రించవచ్చు.

ఆకృతి నియంత్రణ

పల్లాడియం అయాను ఒకే తలంలో, చతురస్రపు మూలల దిశగా నాలుగు బంధాలను ఏర్పరుస్తుంది. మధ్యలో వంగిన ప్రతి లైగాండ్ రెండు అయాన్లను కలుపుతుంది. అందువలన అయాన్లు శీర్షాలుగా, వాటికి రెట్టింపు సంఖ్యలో లైగాండ్లు అంచులుగా గల బహుముఖి ఏర్పడుతుంది. వంపు కోణం పెరిగేకొద్దీ పంజరం పెద్దదవుతుంది.

జపాన్ శాస్త్రవేత్త మకోతో ఫుజితా బృందం 2010లో దీనిని నిరూపించింది. 127° కోణం గల లైగాండ్ 12 అయాన్ల పంజరాన్ని, 149° లైగాండ్ 24 అయాన్ల పంజరాన్ని ఇచ్చాయి. రెండింటినీ వేర్వేరు పాళ్ళలో కలిపినపుడు, సగటు కోణం 131° వరకు చిన్న పంజరమే ఏర్పడగా, 134° వద్ద పెద్దది మాత్రమే ఏర్పడింది.