అండమాను అడవులు - వృక్షవృద్ధి గణనము

నాటిన మొక్క యిరువది యేండ్లకు ఎంత మానగునో ముందుగా చెప్పవచ్చునా? అటవీశాస్త్రజ్ఞులు చిరకాలముగా విచారించుచున్న ప్రశ్న యిది. దీనికి నేల, శీతోష్ణస్థితి రెండును సాక్షులు. ఒక్క సాక్షినే నమ్మిన తీర్పు తప్పుననుటకు అండమాను దీవులు నిదర్శనము.

2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లేరు పరిసరములందు ఆస్టినాబాద్ కలదు. ఈ ప్రాంతమున ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. ఐనను ఒకే వానకు తడియు కొండలపై ఒకే అడవి పెరుగదు. నీరు నిలువని వాలులందు పడాకు వృక్షము వర్ధిల్లును. తేమ తరుగని తావులందు గర్జను వృక్షము మిన్నంటును. పడాకు మన శేషాచలపు రక్తచందనమునకు దాయాది. రెండును ఒకే ప్రజాతిలోనివి. రాతినేలలో, కొద్దిపాటి వానతో రక్తచందనము మెల్లగా చేవదేరును. అండమానులో పడాకు మహావృక్షమగును.

పోర్టుబ్లేరున 1883లో అటవీశాఖ నెలకొన్నది. 1930వ దశకమున బి. ఎస్. చెంగప్ప అను అధికారి, అడవిని ఒక్కుమ్మడిగా నరకక, ముందు క్రింది చెట్లను తొలగించి, పిదప పైకప్పును క్రమముగా ఎత్తివేసి, మొలకలకు వెలుతురొసగు పద్ధతిని రూపొందించెను. అందు గణితము కంటె పరిశీలనము మెండు.

1940లో లారీ, బక్షీ సంత్‌రామ్ అనువారు టేకుతోటల దిగుబడి పట్టికలను ప్రకటించిరి. తోట వయస్సును, చెట్ల ఎత్తును పోల్చి స్థలములను నాలుగు తరగతులుగా విభజించిరి. అనగా చెట్టే నేలకు కొలబద్ద. కాని చెట్టే లేనిచోట ఆ కొలబద్ద యెక్కడిది?

ఈ లోటు తీర్చుటకు స్వీడను భూగోళశాస్త్రజ్ఞుడు పేటర్సన్ 1956లో ఒక సూత్రమును ప్రతిపాదించెను. వేడిమిని, వర్షమును, పెరుగుదలకు అనువైన మాసములను, సూర్యరశ్మి ప్రభావమును గుణించి, మిక్కిలి వేడి మాసమునకును మిక్కిలి చల్లని మాసమునకును గల ఉష్ణోగ్రతా భేదముచే భాగింపవలెను. హైదరాబాదున ఈ భేదము 10 డిగ్రీలకు మించును. పోర్టుబ్లేరున సుమారు 3 డిగ్రీలే. భాజకము చిన్నదగుటచే అండమాను లెక్క విపరీతముగా పెరుగును. నేల లోతునకు గాని, నీరింకు గుణమునకు గాని ఆ సూత్రమున తావు లేదు.

పచ్చని అడవిని చూచి నేల సారవంతమని తలచుట యిట్టి పొరపాటే. ఉష్ణమండలపు అడవిసారము చాలవరకు చెట్లలోను, రాలిన ఆకులలోను ఉండును. చెట్టు పోయిన పిదప వాన ఆ సారమును కడిగివేయును. 1970వ దశకమున చిన్న అండమాను దీవిలో అడవి తొలగించి నూనెతాటి తోటలు వేయ నారంభించిరి. ఆ దీవులందలి నూనెతాటి, రబ్బరు, టేకు తోటలు గిట్టుబాటు కాలేదని విచారణ సంఘము తెలుపగా, వానిని క్రమముగా విరమింపవలెనను సిఫారసును 2002లో సుప్రీంకోర్టు ఆమోదించెను.

నేడు కంప్యూటర్లు నేల, వాన, వేడిమి వివరములను ఒక్కచోట చేర్చి వృద్ధిని అంచనా కట్టుచున్నవి. ఆ అంచనాకును, గోయి త్రవ్వి మట్టిని చూచినవాని మాట ఆధారము కావలెను. లెక్క తప్పినచో కాగితము దిద్దవచ్చును. కూలిన అడవిని దిద్దుటకు తరములు పట్టును.