64 గళ్లు 65 అయిన వైనం: ఒక వైశాల్య భ్రమ చరిత్ర

ఆకృతిని ముక్కలుగా కోసి మరో రీతిలో పేర్చినా వైశాల్యం మారదన్నది రేఖాగణితానికి పునాది. ఆ పునాదినే కదిలిస్తున్నట్లు కనిపించే సమస్యలు ఐరోపాలో 18వ శతాబ్దిలోనే అచ్చయ్యాయి. విలియం హూపర్ 1774 నాటి గ్రంథంలో 30 గళ్ల దీర్ఘచతురస్రం 32 గళ్లకు పెరుగుతుంది.

1868లో జర్మన్ గణితవేత్త ఆస్కార్ ష్లోమిల్ఖ్ ఇంతకంటె సూక్ష్మమైన రూపాన్ని ప్రకటించాడు. 8×8 చతురస్రాన్ని రెండు త్రిభుజాలుగా, రెండు సమలంబ చతుర్భుజాలుగా కోసి పేరిస్తే 5×13 దీర్ఘచతురస్రం ఏర్పడినట్లు తోస్తుంది. 64 కాస్తా 65 అవుతుంది. కర్ణంగా కనిపించేది నిజానికి ఒకే సరళరేఖ కాదు. త్రిభుజపు వాలు 3/8, సమలంబ చతుర్భుజపు వాలు 2/5. ఈ స్వల్పభేదం వల్ల నడుమ మిగిలిన సన్నని సమాంతర చతుర్భుజాకార ఖాళీయే ఆ అదనపు గడి.

5, 8, 13 ఫిబొనాచీ శ్రేణిలోని వరుస సంఖ్యలు. ఈ శ్రేణిలో ఏ సంఖ్య వర్గానికైనా, దాని ఇరుపక్కల సంఖ్యల లబ్ధానికీ భేదం ఒకటేనని ఖగోళవేత్త కాసిని 1680లోనే గుర్తించాడు. అందువల్ల శ్రేణిలో ముందుకు సాగేకొద్దీ పటం విస్తరిస్తుంది. దోషం మాత్రం ఒక్క గడికే పరిమితమై, కంటికి మరింత అందకుండా పోతుంది. పటం సూచన మాత్రమే. నిరూపణ భారం గణనదే.