ట్రాక్ డే టైర్లు

ట్రాక్ డే టైర్లు అనగా నిత్యం రోడ్డుపై తిరిగే కారును అప్పుడప్పుడు రేసు ట్రాక్‌పై కూడా నడిపే చోదకులు వాడే అధిక పట్టు గల టైర్లు. రుసుము చెల్లించి సొంత వాహనాన్ని రేసు ట్రాక్‌పై వేగంగా నడుపుకొనే రోజును "ట్రాక్ డే" అంటారు. ఇది పందెం కాదు. గెలుపు ఓటములు, బహుమతులు ఉండవు. చాలామంది చోదకులు ఇంటి నుండి ట్రాక్‌కు వెళ్ళిన కారులోనే తిరిగి ఇంటికి వస్తారు. అందువలన ఒకే టైరు మిట్టమధ్యాహ్నం ట్రాక్ వేడినీ, సాయంకాలం తిరుగు ప్రయాణంలో వాన నీటినీ తట్టుకోవలసి వస్తుంది.

ఎండిన ట్రాక్‌పై పట్టును పెంచే లక్షణాలలో చాలావరకు తడి రోడ్డుపై పట్టును, టైరు మన్నికను తగ్గిస్తాయి. కావున ఈ టైర్ల ఎంపికలో ట్రాక్‌పై ఎన్ని సెకన్లు కలిసివస్తాయి అన్నదానికంటే, తిరుగు దారిలో జోరువాన కురిస్తే కారు అదుపులో ఉంటుందా అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

చరిత్ర

రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరచే పద్ధతిని (వల్కనీకరణం) అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. గాలి నింపిన టైరుకు స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో పేటెంటు పొందాడు కాని అది వాడుకలోకి రాలేదు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ సైకిలు కోసం తయారుచేసిన గాలి టైరు వ్యాప్తిలోకి వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సంస్థ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు పొందింది. ఈ టైరులో లోపలి దారాలు చక్రం అంచు నుండి అంచుకు అడ్డంగా ఉండి, వాటిపై ఉక్కు పట్టీలు అమరి ఉంటాయి. అందువలన నేలను తాకే భాగం చదునుగా, గట్టిగా నిలుస్తుంది. నేటి కార్ల టైర్లన్నీ దాదాపుగా ఈ పద్ధతిలో తయారైనవే.

పట్టు కలిగే విధానం

కారు బరువంతా నాలుగు టైర్లు నేలను తాకే చోట్లపైనే ఆధారపడి ఉంటుంది. ఆ ఒక్కొక్క చోటు మనిషి అరచేతికంటే కొంచెం మాత్రమే పెద్దది. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, వేగం పెంచినా పని చేసేది ఆ కొద్దిపాటి రబ్బరే.

రబ్బరు నేలను రెండు విధాలుగా పట్టుకుంటుంది. మొదటిది, రబ్బరు అణువులు నేల ఉపరితలానికి అంటుకోవడం. రెండవది, నేలపై ఉన్న సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ళలోకి రబ్బరు ఒదిగి, తిరిగి పూర్వరూపానికి రావడంలో ఆలస్యం చేయడం. ఈ ఆలస్యాన్ని హిస్టరిసిస్ అంటారు. ఇందులో కొంత శక్తి వేడిగా మారుతుంది. ఎక్కువ పట్టునిచ్చే మిశ్రమం సాధారణంగా ఎక్కువ వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది. టైరు రబ్బరులో కలిపే కార్బన్ బ్లాక్, సిలికా, నూనెలు, రెసిన్ల పాళ్ళను మార్చి తయారీదారులు ఈ గుణాలను సర్దుబాటు చేస్తారు. తడి రోడ్డుపై పట్టు పెంచడానికి సిలికా ముఖ్యంగా తోడ్పడుతుంది.

ప్రతి రబ్బరు మిశ్రమానికి అనుకూలమైన ఉష్ణోగ్రత ఉంటుంది. ట్రాక్ కోసం చేసిన మిశ్రమాలు సుమారు 70 నుండి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పనిచేస్తాయి. రోడ్డుపై మామూలు వేగంతో వెళ్ళేటప్పుడు టైరు అంత వేడెక్కదు. అందుచేత ట్రాక్‌పై గొప్పగా పట్టునిచ్చే టైరు ఉదయం చల్లని రోడ్డుపై మామూలు టైరుకంటే తక్కువ పట్టు చూపవచ్చును. వేసవి టైర్లు 7 డిగ్రీలకు దిగువన గట్టిపడి పట్టు కోల్పోతాయి.

ట్రెడ్ ఆకృతి కూడా ముఖ్యమే. గాడులు ఎక్కువగా, లోతుగా ఉంటే నీరు బయటకు పోతుంది. కాని గాడుల మధ్యనున్న రబ్బరు దిమ్మెలు మలుపులలో అటూ ఇటూ వంగి, వేడెక్కి, ఒక్కొక్కసారి ముక్కలుగా ఊడిపోతాయి. ఈ కారణంగానే ట్రాక్ టైర్లలో గాడులు తక్కువగా, లోతు తక్కువగా ఉంటాయి.

రకాలు

రోడ్డుకు ఎక్కువగా పనికివచ్చే వాటి నుండి ట్రాక్‌కు ఎక్కువగా పనికివచ్చే వాటి వరకు ఈ టైర్లను ఇలా వర్గీకరించవచ్చును.

* మేలైన వేసవి టైర్లు: తడిలోను, పొడిలోను నమ్మదగినవి. ఉదాహరణ: మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ (అరుగుదల సంఖ్య 300).
* తీవ్ర సామర్థ్యపు వేసవి టైర్లు: 200 అరుగుదల సంఖ్య గలవి. ట్రాక్ డే చోదకులలో ఎక్కువ ప్రచారం వీటిదే. ఉదాహరణలు: బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా అడ్వాన్ నియోవా ఏడీ09, హాన్‌కుక్ వెంటస్ ఆర్‌ఎస్4.
* అర్ధ స్లిక్ టైర్లు: చట్టప్రకారం రోడ్డుపై నడపదగినవే అయినా ప్రధానంగా ట్రాక్ కోసం చేసినవి. ఉదాహరణలు: మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 (180), టోయో ప్రాక్సెస్ ఆర్888ఆర్ (100), పిరెల్లి పీ జీరో ట్రోఫియో ఆర్ (60).
* స్లిక్ టైర్లు: గాడులు లేని నున్నని రేసు టైర్లు. వీటిని రోడ్డుపై వాడరాదు.

టైరుపై ఉండే గుర్తులు

అరుగుదల సంఖ్య: ఇది అమెరికా ప్రభుత్వపు ఏకరూప టైరు నాణ్యతా శ్రేణి విధానంలో భాగం. టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఏంజెలో వద్ద నిర్ణీత రోడ్డుపై 7,200 మైళ్ళు నడిపి, ప్రామాణిక టైరు అరుగుదలతో పోల్చి ఈ సంఖ్యను నిర్ణయిస్తారు. ప్రామాణిక టైరు సంఖ్య 100. సంఖ్య 200 అయితే ఆ పరీక్షలో రెండింతలు మన్నుతుందని అర్థం. అయితే సంఖ్యను ఇచ్చేది తయారీదారే కావున ఒక సంస్థ టైరును మరొక సంస్థ టైరుతో పోల్చడానికి ఇది అంతగా ఉపకరించదు. పైగా స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వంటి సంస్థలు కొన్ని తరగతుల పోటీలలో 200కంటే తక్కువ సంఖ్య గల టైర్లను అనుమతించవు. దీనితో తయారీదారులు సరిగ్గా 200 సంఖ్యతో వీలైనంత పట్టు గల టైర్లను రూపొందించసాగారు. కాబట్టి ఈ తరగతిలో 200 అన్నది మన్నికకు కొలమానం అనుకోవడం కంటే పోటీ నిబంధనకు గుర్తు అనుకోవడం సమంజసం.

తడి పట్టు: ఇదే విధానంలో తడి పట్టుకు ఏఏ, ఏ, బి, సి అనే శ్రేణులు ఉన్నాయి. ఇవి తిన్నని దారిలో బ్రేకు వేసినప్పటి పట్టును మాత్రమే తెలుపుతాయి; మలుపులలో పట్టును తెలుపవు. ఐరోపా సమాఖ్య లేబులులో తడి పట్టుకు 2021 మే నెల నుండి ఏ మొదలు ఇ వరకు ఐదు శ్రేణులు ఉన్నాయి.

వేగ చిహ్నం: హెచ్ అంటే గంటకు 210 కి.మీ., వి అంటే 240, డబ్ల్యు అంటే 270, వై అంటే 300 కి.మీ. వరకు.

భార సంఖ్య: ఒక టైరు మోయగల బరువు. 91 అంటే 615 కిలోలు, 94 అంటే 670 కిలోలు. కారు తయారీదారు సూచించిన సంఖ్యకంటే తక్కువది వాడరాదు.

తయారీ తేదీ: నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు 1424 అంటే 2024వ సంవత్సరం 14వ వారం. చాలాకాలం నిల్వ ఉన్న టైరు తక్కువ ధరకు దొరికినా దాని రబ్బరు గట్టిపడి ఉండే అవకాశం ఉంది.

తడి రోడ్డు మరియు నీటిపై తేలడం

టైరు ముందున్న నీరు గాడుల గుండా బయటకు పోలేనప్పుడు టైరు నేలను విడిచి నీటి పొరపై తేలుతుంది. అప్పుడు స్టీరింగు, బ్రేకు రెండూ పనిచేయవు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు 1960లలో విమానాల టైర్లపై చేసిన పరిశోధనల నుండి ఒక సూత్రం వచ్చింది. దాని ప్రకారం టైరు తేలే వేగం (గంటకు మైళ్ళలో) గాలి ఒత్తిడి (పీఎస్‌ఐ) వర్గమూలానికి 10.35 రెట్లు. 32 పీఎస్‌ఐ గల టైరుకు ఇది గంటకు సుమారు 94 కి.మీ. అవుతుంది. నీటి లోతు గాడుల లోతును మించినప్పుడు ఈ సూత్రం వర్తిస్తుంది. లోతైన గాడులున్న టైరు ఇంకా ఎక్కువ వేగం వరకు నేలను పట్టుకొని ఉంటుంది. అరిగిన టైరుకు పలుచని నీటి పొర కూడా ప్రమాదకరమే.

కొత్త సాధారణ టైరులో గాడుల లోతు సుమారు 8 మి.మీ., అర్ధ స్లిక్ టైరులో సుమారు 5 మి.మీ. ఉంటుంది. భారతదేశంలోను, ఐరోపాలోను కార్లకు చట్టబద్ధమైన కనీస లోతు 1.6 మి.మీ. అనగా మొదటి దానిలో 6.4 మి.మీ. వాడుకోవచ్చును, రెండవదానిలో 3.4 మి.మీ. మాత్రమే. ఒక్క ట్రాక్ డేలోనే ఇందులో గణనీయమైన భాగం అరిగిపోవచ్చును. ఉదయం ఇంటి నుండి బయలుదేరినప్పటి టైరు వేరు, సాయంకాలం తిరిగి వచ్చేటప్పటి టైరు వేరు అని గుర్తుంచుకోవాలి.

గాలి ఒత్తిడి

మూసిన పాత్రలోని వాయువు వేడెక్కితే దాని పీడనం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 32 పీఎస్‌ఐ ఉన్న టైరు ట్రాక్‌పై 70 డిగ్రీలకు చేరితే ఒత్తిడి సుమారు 40 పీఎస్‌ఐ అవుతుంది. అప్పుడు టైరు మధ్యభాగం ఉబ్బి నేలను తాకే వైశాల్యం తగ్గుతుంది. అందుచేత చోదకులు ట్రాక్ నుండి బయటకు వచ్చిన వెంటనే కొంత గాలి వదులుతారు.

ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. వేడిగా ఉన్నప్పుడు 34 పీఎస్‌ఐకి తగ్గించిన టైరు తిరిగి 20 డిగ్రీలకు చల్లారితే సుమారు 27 పీఎస్‌ఐ మాత్రమే మిగులుతుంది. ఒత్తిడి తగ్గిన టైరు తక్కువ వేగంలోనే నీటిపై తేలుతుంది. హైవేపై ఎక్కువసేపు నడిస్తే పక్కభాగాలు అతిగా వంగి, వేడెక్కి, పగిలిపోయే ప్రమాదం కూడా ఉంది. కావున ఇంటికి బయలుదేరే ముందు, టైర్లు చల్లారిన పిమ్మట, కారు తయారీదారు సూచించిన ఒత్తిడికి గాలి తిరిగి నింపడం తప్పనిసరి. ఇందుకై ఒత్తిడి కొలిచే గేజి, చిన్న గాలి పంపు వెంట ఉంచుకోవాలి.

అరుగుదల మరియు గట్టిపడటం

బాగా వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంచెం గట్టిపడుతుంది. గాడులు ఇంకా మిగిలి ఉన్నా పట్టు తగ్గిపోవచ్చును. ఈ మార్పు కంటికి కనిపించదు కాబట్టి తడి రోడ్డుపై అకస్మాత్తుగా బయటపడుతుంది.

చక్రాల పైభాగాన్ని లోపలికి వంచి అమర్చడాన్ని రుణ కాంబర్ అంటారు. మలుపులలో కారు ఒరిగినప్పుడు టైరు నేలను సమంగా తాకడానికి ఇది తోడ్పడుతుంది. కాని అదే అమరికతో తిన్నని రోడ్డుపై నడిపితే టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. బయటి నుండి చూస్తే బాగున్నట్లు కనిపించే టైరు లోపలి అంచున దారాలు బయటపడే స్థితిలో ఉండవచ్చును. కావున ట్రాక్ డేకు ముందు, తరువాత లోపలి అంచును తప్పక పరిశీలించాలి.

ఉదాహరణ: నూర్బర్గ్‌రింగ్

రోడ్డు, ట్రాక్ కలిసే చోటికి ప్రసిద్ధ ఉదాహరణ జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్. ఐఫెల్ కొండలలో 1927లో ప్రారంభమైన ఈ మార్గపు ఉత్తర వలయం (నార్డ్‌ష్లైఫ) పొడవు 20.832 కి.మీ. నిర్ణీత వేళలలో రుసుము చెల్లించి ఎవరైనా తమ కారును దీనిపై నడపవచ్చును. ఆ వేళలలో ఇక్కడ జర్మనీ రోడ్డు నిబంధనలే వర్తిస్తాయి కాబట్టి స్లిక్ టైర్లు పనికిరావు. కొండ ప్రాంతం కావడం వలన మార్గంలో ఒక భాగం పొడిగా, మరొక భాగం తడిగా ఉండటం సాధారణం. ఒకే చుట్టులో టైరు రెండు పరీక్షలనూ ఎదుర్కొంటుంది.

భారతదేశంలో

దేశంలో చెప్పుకోదగిన రేసు ట్రాక్‌లు చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై వద్దనున్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో 2011లో ప్రారంభమైన బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. హైదరాబాదు చోదకులు చెన్నై ట్రాక్‌కు వెళ్ళాలంటే ఒకవైపే 600 కి.మీ.కు పైగా ప్రయాణించాలి. ట్రాక్‌పై నడిపే దూరంకంటే దారి దూరమే ఎన్నో రెట్లు ఎక్కువ. నెల్లూరు నుండి చెన్నై వరకు గల తీరంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వలన భారీ వర్షాలు కురుస్తాయి. ఇటువంటి ప్రయాణానికి అర్ధ స్లిక్ టైర్లకంటే మేలైన వేసవి టైర్లు తగినవి.

2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలో చేర్చడంతో విదేశీ ట్రాక్ టైర్లు దొరకడం కష్టమైంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఈ పందాలలో ఎండకు, వానకు వేర్వేరు టైర్లు ఉండవు. గాడులున్న ఒకే రకం టైరును రెండింటికీ వాడతారు. నగర వీధులలో జరిగే ప్రపంచస్థాయి పందెంలో సైతం తడి రోడ్డును దృష్టిలో ఉంచుకొనే టైరును రూపొందించడం గమనించదగినది.

ఎంపిక

* ట్రాక్‌కు కొత్తవారు: మేలైన వేసవి టైర్లు. ఇవి పట్టు కోల్పోయే ముందు శబ్దం చేసి, క్రమంగా జారుతూ హెచ్చరిస్తాయి. అర్ధ స్లిక్ టైర్ల పట్టు ఎక్కువే అయినా అది పోయేటప్పుడు హఠాత్తుగా, ఎక్కువ వేగంలో పోతుంది.
* సంవత్సరంలో కొన్నిసార్లు వెళ్ళేవారు: వానాకాలంలో కారును తక్కువగా వాడేవారైతే 200 తరగతి టైర్లు. గాడుల లోతు 3 మి.మీ.కు తగ్గినప్పుడు వానలో వాడటం మానివేయడం క్షేమం.
* తరచుగా వెళ్ళేవారు: రెండు జతల చక్రాలు. ఒక జతకు రోడ్డు టైర్లు, రెండవ జతకు ట్రాక్ టైర్లు అమర్చి ట్రాక్ వద్ద మార్చుకోవచ్చును. మొదట ఖర్చు ఎక్కువైనా రెండు జతలూ ఎక్కువకాలం మన్నుతాయి.

ఏ పద్ధతిని అనుసరించినా నాలుగు చక్రాలకూ ఒకే రకం టైర్లు ఉండాలి. ముందు చక్రాలకు ట్రాక్ టైర్లు, వెనుక చక్రాలకు అరిగిన మామూలు టైర్లు ఉంటే మలుపులో వెనుకభాగం ముందుగా జారి కారు గిర్రున తిరిగిపోతుంది.

ఇవి కూడా చూడండి

* టైరు
* రబ్బరు
* ఘర్షణ
* ఫార్ములా వన్