చెరకాకు కప్పిన మడులు

మన పెద్దలను మోసుకుని మద్రాసులో బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. ఆనాటి నుంచి 1911 వరకు గిరిమిటు ఒప్పందంపై నటాలుకు వచ్చినవారు 1,52,184 మంది. వారిలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. ఈ లెక్కలు మన పిల్లలకు చెబుతూనే ఉన్నాం. గిరిమిటు తీరాక మనవారు ఎలా బతికారో మాత్రం అంతగా చెప్పడం లేదు.

చాలామంది చిన్న చెక్కలు కౌలుకు తీసుకుని కూరగాయలు పండించారు. కేటో మేనర్, స్ప్రింగ్‌ఫీల్డ్ తోటలు డర్బన్ నగరానికి కూర పెట్టాయి. మా అవ్వవాళ్ల తోట కేటో మేనర్‌లో ఉండేది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వల్ల అది పోయింది. చాట్స్‌వర్త్ ఇంటి వెనుక కాస్త వాలు నేల మాత్రమే మిగిలింది.

అవ్వ ఆ వాలులో ఎత్తు మడులు కట్టి వంగ, మిరప, బెండ వేసింది. ఎత్తు మడిలో వాన నీరు నిలవదు. కాని ఎండలకు పైనుంచీ పక్కలనుంచీ త్వరగా ఆరిపోతుంది. అందుకే ఎండిన చెరకాకు మూటలు తెప్పించి, మొక్కల మొదళ్ల చుట్టూ మందంగా పరిచేది. 1983 కరువులో నీటి వాడకంపై ఆంక్షలు పెట్టారు. బియ్యం కడిగిన నీళ్లే మడులకు ఆధారం. చెత్త ఎందుకు పోగేస్తున్నావని విసుక్కున్నాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆకు కిందికి దూర్చింది. మట్టి చల్లగా, తడిగా ఉంది.

“ఎండకు కనబడిన నీళ్లు మనకు దక్కవు నాయనా. పదును పోనియ్యకూడదు” అంది.

పదును అంటే నేలలోని తడి. ఆదివారం తెలుగు తరగతి పుస్తకాల్లో ఈ మాట నాకు ఎదురుకాలేదు.

అవ్వ చేసినది చాదస్తం కాదని తరువాత తెలిసింది. మౌంట్ ఎడ్జ్‌కూంబ్ చెరకు పరిశోధన కేంద్రంలో 1939లో ఒక ప్రయోగం మొదలైంది. ఒక మడిలో ఆకును తగలబెట్టడం, మరొక మడిలో నేలమీదనే పరచడం. ఎనభై ఏళ్లకు పైబడి సాగిన ఆ ప్రయోగంలో, ఆకు పరచిన నేల తడిని నిలుపుకుంటుందనీ, సారం పెంచుకుంటుందనీ తేలింది.

ఇప్పుడు మా బడి తోటలో మడులపై వెండిరంగు ప్లాస్టిక్ షీటు పరిచాం. పైన వెండిరంగు, కింద నలుపు. పై రంగు ఎండను తిప్పికొడుతుంది కనుక నేల వేడెక్కదు. షీటు ఆవిరిని ఆపుతుంది, కింది నలుపు కలుపు మొలవనియ్యదు. ఆ మెరుపుకు పేనుబంక, తెల్లదోమ కూడా లేత మొక్కలపై తక్కువగా వాలతాయి. అయితే వాన నీరు షీటులో ఇంకదు. కింద చుక్కనీటి గొట్టం వేయాలి. పంట అయ్యాక షీటును ముక్కలు కాకుండా తీసెయ్యాలి, లేకుంటే ప్లాస్టిక్ మట్టిలోనే ఉండిపోతుంది. చెరకాకుకు ఆ బెడద లేదు. అది కుళ్లి ఎరువవుతుంది. ఎండిన ఆకు లేతరంగు కూడా కొంత ఎండను తిప్పికొడుతుంది.

షీటు వద్దని నేననను. కాని దాన్ని చూసి మా విద్యార్థులు కొత్త విద్య అన్నప్పుడు, అవ్వ మడి గురించి చెప్పాను. తోటలు లాక్కున్నవారు నేలను మాత్రమే తీసుకున్నారు. నేలతో నేర్చిన విద్యను మనమే మరచిపోతే ఆ తప్పు మనది. మీ ఇంటి పెద్దలు ఉన్నప్పుడే అడగండి: మడి ఎలా కట్టారు, దేనితో కప్పారు, ఏ మాట వాడారు? విన్నది విన్నట్టు రాసి దాచండి.