బడి చందా: విరుదుపట్టి పిడికెడు బియ్యం నుంచి మన చందా పుస్తకం దాకా

పోయిన కూటంలో బడి చందా గురించి మాటా మాటా పెరిగి, మూడు దారులుగా విడిపోయి ఇళ్ళకు వెళ్ళాం. మన పిల్లలు చదివే సర్కారు బళ్ళకే ఇద్దామన్నారు కొందరు. బిడ్డకింతని తల్లిదండ్రుల దగ్గరే వసూలు చేద్దామన్నారు ఇంకొందరు. పదివేలు దాటి ఇచ్చినవారి పేరు గోడమీద పలకరాయిలో చెక్కించాలన్నది మూడో మాట. ఇలాంటి ప్రశ్నలు మన నల్లరేగడి సీమకు కొత్తవి కావు. అందుకే ఈ పొడుగు రాత. ఓపికగా చదవండి.

విరుదునగర్ అప్పట్లో విరుదుపట్టి. నాడార్లను గుళ్ళలోకి రానివ్వని కాలమది. కముది గుడి ప్రవేశం తగాదా 1897లో మొదలై లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1908లో అక్కడా వాళ్ళు ఓడిపోయారు. 1899లో శివకాశి కొట్లాటల్లో ఇళ్ళు తగలబడ్డాయి. అలాంటి రోజుల్లో విరుదుపట్టి వర్తకులు ప్రతి బేరంలోనూ కొంత తీసి ఉమ్మడి నిధిలో వేసేవారు. దాన్ని మహమై అనేవారు. 1889లో క్షత్రియ విద్యాశాల పెట్టారు. ఆ బడికి ఇంటింటి నుంచీ 'పిడి అరిసి' వచ్చేది. అంటే పిడికెడు బియ్యం. వంటకు బియ్యం తీసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు వేరే కుండలో వేస్తుంది. అది పోగై బడికి చేరుతుంది.

ఇందులో మాకు నచ్చింది బియ్యం కాదు, పిడికిలి. మండీ యజమాని ఇంట్లోనూ పిడికెడే, మూటలు మోసేవాడి ఇంట్లోనూ పిడికెడే. ఎవరి గింజ ఏదో కుండలో పడ్డాక తెలియదు. (మూటలు మోసేవాడి ఇంట్లో ఆ పిడికెడు ఒక బిడ్డ ముద్ద కావచ్చునని మా ఇంటి పెద్దమ్మ అంటుంది. అదీ నిజమే. అందరికీ ఒకే లెక్క అన్నంత మాత్రాన అందరికీ ఒకే బరువు కాదు.)

ఆ బడిలోనే చదివాడు కామరాజ్. 1903లో పుట్టాడు. చిన్ననాడే తండ్రి పోయాడు. ఆరో తరగతితో చదువు ఆపి మేనమామ బట్టల కొట్లో కూర్చున్నాడు. ఆయన బడి రోజుల గురించి మన వైపు చెప్పుకునే కథ ఒకటుంది. వినాయక చవితికి పిల్లలందరూ చందా ఇచ్చారు. పూజయ్యాక మరమరాలు, బెల్లం, కొబ్బరి పంచుతుంటే తోసుకుని ముందుకు పోయినవాళ్ళకు దోసిళ్ళు నిండాయి. తోసుకోకుండా నిలబడ్డ కామరాజ్‌కు కాస్త దక్కింది. ఇంట్లో అవ్వ అడిగితే, అందరమూ ఒకేలా ఇచ్చాం కదా, అందరికీ ఒకేలా పంచడం అయ్యవారి పని కాదా అన్నాడట. వసూలు చేయడం ఒక పని, పంచడం వేరే పని అని ఆ వయసులోనే పట్టుకున్నాడు. మనం పోయిన కూటంలో మొదటిదాని గురించే కొట్టుకున్నాం, రెండోదాని ఊసే ఎత్తలేదు.

ఆయనే 1954లో ముఖ్యమంత్రి అయ్యాడు. మధ్యాహ్న భోజనాన్ని 1956లో మన కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఎట్టయపురంలో ప్రారంభించాడు. తెలుగు మూలాలున్న పాళెగార్లు ఏలిన ఊరు, భారతి పుట్టిన ఊరు. మొదట్లో అది ఊరివాళ్ళ ధాన్యంతో, చందాలతో నడిచింది. తరవాత సర్కారు లెక్క కట్టింది: ఒక్కో భోజనానికి పది పైసలు, ఆరు సర్కారువి, నాలుగు ఊరివి. 1958 నుంచి విద్యాశాఖ డైరెక్టర్ నె.దు. సుందరవడివేలు నడిపిన బడి బాగుచేత మహానాడులు వచ్చాయి. ఊరివాళ్ళు వేదిక మీదకు వచ్చి బెంచీలు, పలకలు, గదులు, బట్టలు ఇస్తామని చెప్పేవారు. గొప్ప పనే, కాదనం. కానీ ఆలోచించండి. బావుల్లో నీళ్ళున్న ఊరు బెంచీలు ఇస్తుంది. వానను నమ్ముకుని పత్తి వేసే మెట్ట ఊరు ఏమిస్తుంది? నాలుగు పైసలు పుట్టని ఊళ్ళోనే ఆ అన్నం అందరికన్నా ఎక్కువ కావాలి. 1982లో ఎం.జి.ఆర్. మొదలుపెట్టిన సత్తుణవు పథకంలో ఆ ఖర్చు సర్కారే నెత్తిన వేసుకుంది.

ఇక మా సొంత గోడు. మేము చదివిన ఒక బడిలో చందా ఇవ్వనివాళ్ళ పేర్లు నల్లబల్ల మీద రాసేవారు. బల్ల తుడిచే వంతు కూడా ఆ పిల్లలదే. మాలో ఒకరు వరసగా రెండు వారాలు తన పేరు తనే తుడుచుకున్నారు. గోడమీద పలకరాయి అనగానే మాకు ఆ బల్లే గుర్తొస్తుంది. ఇచ్చినవాళ్ళ జాబితా పెట్టామంటే ఇవ్వనివాళ్ళ జాబితా కూడా పెట్టినట్టే, పిల్లలు లెక్కలు చేయగలరు. మన ఇడైసెవల్ వాడైన కు. అళగిరిసామి 'అన్బళిప్పు' కథలో బహుమతి అందని ఒక పిల్లవాడు ఉంటాడు. చదివినవాళ్ళు మళ్ళీ చదవండి.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. 'మన పిల్లలు' అంటే ఎవరు? కమ్మవారు, రెడ్లు, రాజకంబళం వారేనా? అరుందతియార్ ఇళ్ళలోనూ ఎందరో తెలుగే మాట్లాడతారు. తెల్లవారుజామున కోవిల్‌పట్టి వీధులు ఊడ్చేవారిలో మన భాష వినిపించదా? మన చందా పుస్తకం మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిరగేశాం, ఆ వీధి ఇల్లు ఒక్కటీ లేదు. మనం అడగలేదు, అంతే. అడగనివాళ్ళ పిల్లలు చదివే బడి మన జాబితాలోనూ లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఒక సంగతి చెప్పారు. ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ సర్కారు బళ్ళలో చాలా ఏళ్ళు ఒక నియమం ఉండేదట. తల్లిదండ్రులు తమ బడిలో టీచర్ల కోసం పోగుచేసిన దాంట్లో మొదటి పదివేల డాలర్లు పోను, మిగిలినదాంట్లో మూడో వంతు ఉమ్మడి నిధికి పోవాలి. దానిమీదా అక్కడ గొడవలే. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ బిడ్డ చదువుకు అడ్డయ్యే ఏ రుసుమూ అడగకూడదంది. బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవారు, వెనకబడినవారికి తగిన వాటా ఉండాలంది. అంటే డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో చెప్పాల్సింది ఆ కమిటీ, మన కార్యదర్శి కాదు.

కాబట్టి వచ్చే కూటానికి మా కోరిక ఇది. బిడ్డకింత అనే వసూలు వద్దు. తాళం వేసిన డబ్బా ఒకటి, పేర్లు లేని లెక్క ఒకటి చాలు. ఏ బడికైనా ఇచ్చేదాంట్లో మూడో వంతు, మనలో ఎవరి బిడ్డా చదవని బడికి పోవాలి. ఆ బడి ఏదో మనం ఇక్కడ కూర్చుని తేల్చకుండా, అరుందతియార్ వీధి పెద్దలను కూటానికి పిలిచి అడుగుదాం. పిలవడానికి మాలో ఇద్దరం ఆదివారం పొద్దున వెళుతున్నాం. తోడు వచ్చేవాళ్ళు శనివారం రాత్రిలోగా చెప్పండి.