ఫిలిప్పీన్స్ వంటింట్లో పెసలూ, మునగాకూ



పరాయి దేశపు వంట అనగానే మనలో చాలామందికి రెండు సందేహాలు వస్తాయి. అందులో నీచు వుంటుందేమోనని ఒకటి, ఆ దినుసులు మన బజార్లో ఎక్కడ దొరుకుతాయని రెండోది. ఈ రోజు నేను చెప్పబోయే వంటకానికి కావలసినవి పెసలు, మునగాకు, టమాటాలు, ఉల్లిపాయ, వెల్లుల్లి. అన్నీ మనింట్లో వుండేవే. వంటకం మాత్రం ఫిలిప్పీన్స్ దీవులది. అక్కడ దీన్ని గినిసాంగ్ ముంగో అంటారు. ముంగో అంటే పెసలు. గినిసా అంటే నూనెలో వేయించి చేసినది. ఈ గిన్నెలోకి ఏ దినుసు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఆ దేశపు చరిత్ర కొంత తెలుస్తుంది.

ముందు పెసలూ, మునగా. రెండూ మన దేశానివే. పెసరను మొట్టమొదట సాగులోకి తెచ్చింది మన రైతులే. మునగ హిమాలయాల దిగువ ప్రాంతంలో పుట్టిన చెట్టు. మునగను ఫిలిప్పీన్స్‌లో మలుంగ్గాయ్ అంటారు. వినగానే తమిళుల మురుంగై గుర్తుకు రావడం లేదూ? మనం కాయల కోసం చెట్టు పెంచి, ఆషాఢంలో ఒకసారి ఆకు వండుకుంటాం. వాళ్ళకు ఆకే ముఖ్యం. ఏడాది పొడుగునా పులుసుల్లో, చారుల్లో వేస్తూనే వుంటారు. పాలు పడతాయని బాలింతలకు ప్రత్యేకంగా పెడతారు. మన పెద్దవాళ్ళు చెప్పేదీ అదే కదా!

టమాటా వచ్చిన దారి వేరు. స్పెయిన్ వాళ్ళు 1565లో ఆ దీవుల్లో స్థావరం ఏర్పరచుకున్నారు. అదే ఏడాది అక్కణ్ణుంచి మెక్సికోకు తిరిగి వెళ్ళే సముద్రపు దారి కూడా కనిపెట్టారు. తరవాత మనీలాకూ, మెక్సికోలోని అకపుల్కో రేవుకూ మధ్య 1815 దాకా, అంటే 250 ఏళ్ళపాటు ఓడలు నడిచాయి. ఇటునుంచి చైనా పట్టూ, మన కోరమాండల్ తీరపు నూలుబట్టలూ వెళ్ళేవి. అటునుంచి వెండి వచ్చేది. వెండితోపాటు విత్తనాలూ, దుంపలూ వచ్చాయి.

అక్కడి పిల్లలందరికీ వచ్చిన పాట ఒకటుంది, బహాయ్ కూబో అని. చిన్న పాక, దాని చుట్టూ పెరిగే కూరగాయలు, ఇదే ఆ పాట. అందులో 18 దినుసుల పేర్లున్నాయి. వంకాయ, సొర, బీర, బూడిద గుమ్మడి, చిక్కుడు, ముల్లంగి, అల్లం, నువ్వులు చదువుతుంటే మన పెరడు చూసినట్టే వుంటుంది. కాని అందులోని వేరుసెనగ, టమాటా, గుమ్మడి, పాటానీ అనే ఒక రకం చిక్కుడు, పచ్చిగా తినే సింకమాస్ అనే తియ్యటి దుంప, ఈ అయిదూ అమెరికా ఖండానివి. ఓడల్లో వచ్చిన వెండి దొరల లెక్కల పుస్తకాలకెక్కింది. కొత్తకాయను కోసి, రుచి చూసి, దేనితో కలిపి వండితే బాగుంటుందో తేల్చిన ఇల్లాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

గినిసా అన్న మాట కూడా స్పానిష్ భాషనుంచి వచ్చిందే. క్రైస్తవం వచ్చాక శుక్రవారం మాంసం మానాలన్న నియమం వచ్చింది. అందుకని ఈ పెసల వంటకం వాళ్ళకు శుక్రవారపు వంటకమై కూర్చుంది. మామూలుగా ఎండు రొయ్యలో, చేప ముక్కలో వేస్తారు. అవి లేకపోయినా లోటేమీ వుండదు.

ఒక గ్లాసు పెసలు నానబెట్టి, పగిలేదాకా ఉడికించండి. మూకుట్లో రెండు చెంచాల నూనె వేసి, ఆరు వెల్లుల్లి రేకలు చితక్కొట్టి ఎర్రగా వేయించండి. ఆ తరవాత ఉల్లిపాయ, ఆపైన రెండు టమాటాలు వేసి బాగా మగ్గనివ్వండి. ఉడికిన పెసలూ, ఉప్పూ, కాసిని నీళ్ళూ పోసి తెర్లనివ్వండి. దించే ముందు రెండు గుప్పెళ్ళ మునగాకు వేస్తే సరి. ఆవాలూ పసుపూ వేయకండి, వేస్తే మన పప్పే అవుతుంది! వేడన్నంలో బాగుంటుంది.

ఇలాంటి ఇంటి తిండి విలువ తెలిసిన ఒకావిడ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. ఆవిడ మరియా ఒరోసా. 1898 తరవాత ఆ దేశం అమెరికా చేతిలోకి వెళ్ళింది. డబ్బాల్లో వచ్చే సీమ సరుకు తినడం గొప్ప అయిపోయింది. మరియా ఒరోసా 1916లో అమెరికా వెళ్ళి రసాయనశాస్త్రం చదువుకుని, 1922లో తిరిగివచ్చారు. చదివిన చదువంతా పెరటి సరుకు మీదే పెట్టారు. అరటిపండ్లతో కెచప్ చేశారు. కరెంటు లేని ఇళ్ళకోసం మట్టికుండతో ఓవెన్ తయారుచేశారు. మరపట్టిన బియ్యం తిని బెరిబెరి జబ్బు పడేవాళ్ళకోసం తవుడుతో బిస్కట్లు చేశారు. జపాను సైన్యం దేశాన్ని ఆక్రమించినప్పుడు ఆవిడ తయారుచేసిన సోయా పొడి రహస్యంగా చెరసాలలకు చేరి, ఎందరో ఖైదీల ప్రాణాలు నిలబెట్టింది. మనీలా విడిచి రమ్మని అయినవాళ్ళు బతిమాలినా ఆవిడ పని వదిలి కదలలేదు. 1945 ఫిబ్రవరి 13న నగరంలో జరుగుతున్న పోరులో ఫిరంగి గుండు తునకలు తగిలి కన్నుమూశారు.

పక్కింటి గోడ మీదుగా మునగాకు చేతికందితే, వచ్చే శుక్రవారం ఈ పెసలు వండి చూడండి. పిల్లలకు వడ్డిస్తూ టమాటా ఎంత దూరం ప్రయాణం చేసి వచ్చిందో, మరియా ఒరోసా ఎవరో కూడా చెప్పండి.