మంచు నూరిన దుమ్ము

భూపాలపల్లిలో దుమ్ము అంటే బొగ్గు దుమ్మే. ఓపెన్‌కాస్టు గనుల లారీలు తిరిగే దారి పొడుగునా చెట్ల ఆకులు నల్లబడి ఉంటాయి. ఆ దుమ్ముతో జనం పడే బాధ వేరే చెప్పాల్సిన కథ. ఇక్కడ చెప్పబోయే దుమ్ము ఆ బొగ్గు కన్నా పాతది.

గోదావరి లోయలో బొగ్గు పొరలన్నీ దాటి ఇంకా కిందికి పోతే పచ్చటి ఛాయ ఉన్న మెత్తని రాయి తగులుతుంది. ఎండా వానా తగిలితే అది సన్నని సూదుల్లా విరిగిపోతుంది. దాని చుట్టుపక్కల పొరల్లో సన్న మట్టిలో పెద్ద పెద్ద గుండ్లు ఇరుక్కుని ఉంటాయి. ఏరు మోసుకొచ్చిందనుకుందామంటే, ఏటి నీళ్లు గుండును ఒకచోట, సన్న మట్టిని ఇంకోచోట వదిలేస్తాయి. రెంటినీ కలగలిపి ఒకేచోట పడేసే పని మంచు చేస్తుంది. 1856లో ఒడిశాలోని తాల్చేరులో ఇలాంటి రాళ్లను చూసి భూగర్భవేత్తలైన బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఈ మాటే అన్నారు. ఇంత ఎండలు కాసే దేశంలో మంచేమిటని అప్పట్లో ఎవరికైనా అనుమానం కలగడం సహజం. 1875లో చంద్రాపూర్ దగ్గరి ఇరాయి వద్ద నునుపు తేలి, గీతలు పడిన రాతి నేల బయటపడింది. హిమానీనదం తన అడుగున రాళ్లను ఈడ్చుకుంటూ పోతే పడే గీతలవి. ఆ చోటు మన లోయకు ఎగువ కొసే. తాల్చేరు పొరలన్న పేరు ఆ రాళ్లకు స్థిరపడిపోయింది.

ఇల్లెందు దగ్గర 1871లో బొగ్గు కనిపెట్టి సింగరేణికి పునాది వేసిన భూగర్భవేత్త విలియం కింగ్, ఈ ప్రాణహిత–గోదావరి లోయ రాళ్ల మీద 1881లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. ఆయన బొగ్గు కోసం వచ్చాడు కాబట్టి మనకూ బొగ్గే గుర్తుంది. బొగ్గు కింద ఉన్న చలికాలం సంగతి మన పాఠాల్లోకి రాలేదు.

సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన నేల అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాలతో కలిసి గోండ్వానా అనే ఒకే మహాఖండంగా, దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది. దాని మీద పరుచుకున్న మంచు పలకలు తిరగలిలా తిరగకపోయినా తిరగలి పనే చేశాయి. కిందనున్న గ్రానైటును, నైసును నూరి పిండి చేశాయి. ఆ రాతిపిండిలో కొంత కరిగిన నీటితో పాటు మడుగుల్లోకి చేరి, అడుగున పేరుకుని, మెత్తని పచ్చరాయి అయింది. మడుగుకు చేరనిది ఎండిపోయి గాలికి లేచింది. భూమ్మీద దుమ్ము పుట్టే తావులు చాలా ఉన్నాయి: ఎడారులు, ఎండిన చెరువులు, పొడి నదీ మైదానాలు. కానీ వాతావరణ చరిత్రలో పెద్ద పాత్ర వహించిన దుమ్ములో కొంత భాగం ఇలా మంచు నూరిందే.

గాలిదుమ్ము సముద్రాలు దాటుతుందన్న సంగతిని శ్రద్ధగా పట్టించుకున్న తొలితరం వారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. 1832 జనవరిలో బీగిల్ ఓడ కేప్ వెర్డీ దీవుల దగ్గర ఉండగా గాలిలోంచి రాలిన గోధుమరంగు సన్నపొడిని ఆయన జాగ్రత్తగా పోగుచేశాడు. అది ఆఫ్రికా నుంచి వచ్చిందని గుర్తించి, అట్లాంటిక్ ఓడల మీద రాలే ఈ దుమ్ము గురించి 1846లో వ్యాసం అచ్చువేశాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు చైనాలో రిఖ్తోఫెన్ అనే జర్మన్ భూగర్భవేత్త, వందల మీటర్ల మందాన పరుచుకున్న పసుపుపచ్చని లోయెస్ మట్టి నీళ్లు తెచ్చింది కాదు, గాలి తెచ్చిందని తేల్చాడు. అదే మట్టిని జీవితమంతా చదివిన ల్యూ తుంగ్‌షెంగ్, అందులో చలికాలాలు దుమ్ము పొరలుగా, వెచ్చని కాలాలు ఎర్రమట్టి పొరలుగా ఒకదాని మీద ఒకటి పాతిక లక్షల ఏళ్ల పాటు పేరుకున్నాయని చూపించాడు.

అంటార్కిటికా మంచు ఈ లెక్కను మరింత బిగించింది. డోమ్ సి దగ్గర తవ్వి తీసిన మంచు కడ్డీలో 8 లక్షల ఏళ్ల దుమ్ము ఉంది. హిమయుగం ముదిరినప్పుడల్లా అక్కడ రాలిన దుమ్ము వెచ్చని కాలాల కన్నా సుమారు 25 రెట్లు ఎక్కువ. అదే మంచులోని గాలి బుడగల్లో, ఆ చలి రోజుల్లో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో 180కి పడిపోయింది. వెచ్చని రోజుల్లో అది 280 దాకా ఉండేది. దుమ్ము పెరిగిన కాలాలూ ఆ వాయువు తగ్గిన కాలాలూ ఒకటే.

చలి వల్ల దుమ్ము పెరిగిందనేది తేలిగ్గానే అర్థమవుతుంది. వానలు తగ్గాయి, గడ్డి పోయింది, గాలి ఉరవడి పెరిగింది. దుమ్ము వల్ల చలి పెరిగిందని వాదించడానికి మాత్రం ధైర్యం కావాలి. ఆ పని అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ చేశాడు. దక్షిణ సముద్రంలో నత్రజని, భాస్వరం దండిగా ఉన్నా నాచుమొక్కలు ఎందుకు పెరగవు? ఇనుము లేక. హిమయుగాల్లో దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియా నుంచి ఎగిరిన దుమ్ము ఆ ఇనుమును చల్లింది, నాచు విరగబెరిగింది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని సముద్రం అడుక్కి చేర్చింది. 1990లో ఆయన ఈ ప్రతిపాదన రాశాడు. 1993లో, తన ఆలోచనను నడిసముద్రంలో పరీక్షించే మొదటి ప్రయోగానికి కొద్ది నెలల ముందే కన్నుమూశాడు. ఇనుము చల్లితే నాచు పెరుగుతుందని ఆ ప్రయోగం రుజువు చేసింది.

అయితే కథ అంత సూటిగా ముగియలేదు. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ వాళ్లతో కలిసి పోలార్‌స్టెర్న్ నౌకలో వెళ్లి, దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుప లవణం చల్లింది. ఆ ప్రయోగం పేరు లోహాఫెక్స్, మన లోహం మాటే అందులో ఉంది. నాచు పెరిగింది, కానీ చిన్న చిన్న నీటి జీవులు దాన్ని తినేశాయి. ఆ నీళ్లలో సిలికా తక్కువ కావడంతో, గట్టి చిప్ప ఉండి త్వరగా అడుక్కి దిగే నాచు రకమైన డయాటమ్‌లు పెరగలేదు. గాలిలోని వాయువు పెద్దగా తగ్గలేదు. నా దృష్టిలో ఇది విఫలమైన ప్రయోగం కాదు. వేల ఏళ్ల పాటు, సరైన చోట, సరైన రకం దుమ్ము రాలితే జరిగిన పనిని ఒక ఓడతో కొన్ని వారాల్లో చేయించలేమని అది తేల్చి చెప్పింది. హిమయుగాల్లో తగ్గిన వాయువులో దుమ్ము వాటా గరిష్ఠంగా పది లక్షల పాళ్లలో 40 వరకూ ఉండొచ్చని 2014లో వెలువడిన సముద్రపు మట్టి పరిశోధన అంచనా. మిగతాది సముద్రపు ప్రవాహాలు, ధ్రువాల మంచు వంటి ఇతర కారణాల పని.

సరైన రకం దుమ్ము అన్న మాట దగ్గర ఆగాలి. మహబూబాబాద్ జిల్లా బయ్యారం అంటే మనకు ఇనుప రాయే. 2014 విభజన చట్టంలో ఉక్కు కర్మాగారం మాట వచ్చినప్పటి నుంచీ ఆ పేరు మీద ఎన్ని ఆశలో. జనగామ చెలకల ఎరుపు కూడా ఇనుము ఎరుపే. ఈ ఎర్ర చెలక గాలి తెచ్చింది కాదు. కిందనున్న గ్రానైటు ఎండకూ వానకూ ఉన్నచోటనే కుళ్లి, అందులోని ఇనుము తుప్పుపట్టి మిగిలిన నేల ఇది. తుప్పుపట్టిన ఇనుము నీళ్లలో సులువుగా కరగదు. మంచు నూరిన రాతిపిండిలోని ఇనుమేమో తుప్పు పట్టకముందే, పచ్చిగా ఖనిజంలో ఉండిపోతుంది. నాచుకు అలాంటి ఇనుము బాగా ఒంటబడుతుందని 2017లో వెలువడిన, పటగోనియా దుమ్ముతో, డయాటమ్‌లతో చేసిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఎంత ఇనుము ఎగిరిందన్న లెక్క ఒక్కటే చాలదు, దాన్ని ఎండావానలు కుళ్లబెట్టాయా, మంచు నూరిందా అన్నదీ చూడాలి. మంచు తనకు మేలు చేసే దుమ్మును తానే తయారు చేసుకుంటుంది.

ఈ కన్నుతో చూస్తే భూపాలపల్లి బొగ్గు కింది పచ్చరాయికి కొత్త విలువ వస్తుంది. గోండ్వానా హిమయుగంలో గాలి మనకు తెలిసిన ఏ కాలం కన్నా దుమ్ముతో నిండి ఉండేదని ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి చెందిన గెరిలిన్ సోరెగన్ ఏళ్ల తరబడి వాదిస్తున్నారు. ఆమె, ఆమె సహచరులు ఇరాన్‌లోని ఆనాటి సున్నపురాళ్లలో ఇరుక్కున్న దుమ్మును లెక్కగట్టి, అది సముద్ర జీవాన్ని పెంచిన ఆనవాళ్లను 2020లో చూపించారు. ఇటు మన లోయలో మంచు కరిగాక గ్లోసోప్టెరిస్ చెట్ల అడవులు పెరిగి, బరాకర్ అని పిలిచే పొరల్లో బొగ్గయ్యాయి. ఆ అడవులు మొలిచింది మంచు వదిలిపోయిన రాతిపిండి పొరలకు పైనే.

దుమ్ము ఎప్పుడూ చల్లబరుస్తుందని అనుకోకూడదు. లేతరంగు దుమ్ము సూర్యకాంతిని తిప్పికొడుతుంది, ఎర్రదుమ్ము వేడిని పట్టుకుంటుంది, మంచు మీద పడితే దాన్ని కరిగిస్తుంది. వానాకాలంలో పశ్చిమాసియా నుంచి అరేబియా సముద్రం మీదికి వచ్చే దుమ్ము అక్కడి గాలిని వేడెక్కించి, తడిగాలిని లాగి, వారం తిరిగేలోగా మధ్య భారతంలో వానను పెంచుతుందని శాస్త్రవేత్త వి. వినోజ్ బృందం 2014లో చూపించింది. మృగశిర కార్తెలో మొగులు వైపు చూసే జనగామ రైతు వానకు, ఎక్కడో అరేబియా ఇసుకకు లంకె ఉండడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మన కాలానికి దగ్గరి చరిత్ర గోదావరి నోటి దగ్గర బంగాళాఖాతం అడుగున ఉంది. 2006లో అక్కడ తీసిన మట్టి కడ్డీలో ఆకుల మైనపు జాడలు చదివిన శాస్త్రవేత్తలు, సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి ఈ నదీ పరీవాహకం పొడి వాతావరణాన్ని తట్టుకునే గడ్డివైపు మళ్లిందని 2012లో రాశారు. ఆ తర్వాత దక్కను నల్లరాతి నేలలు ఎక్కువగా కోతకు గురయ్యాయని అదే మట్టి చెప్పింది. సముద్రం అడుగు చదివాం, అంటార్కిటికా చదివాం. సింగరేణి బోర్లు తీసే రాతి కడ్డీలను బొగ్గు నాణ్యత కోసం ఎలాగూ పరీక్షిస్తారు. బొగ్గు పొరల నడుమ వచ్చే సన్నని మట్టిరాళ్లను, కింది తాల్చేరు పచ్చరాయిని కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల విద్యార్థుల చేతికి ఇవ్వాలి. అందులో గాలి తెచ్చిన రేణువెంత, నీరు తెచ్చిందెంత, ఇనుము ఏ రూపంలో ఉందో కొలవడానికి పనిముట్లు ఉన్నాయి. బొగ్గు తీశాక క్వారీని, బొగ్గు పైనుంచి తవ్విపోసిన ఓబీ మట్టితో పూడ్చేస్తారు, పొరలు కనిపించే క్వారీ గోడ మళ్లీ కనిపించదు. ఈ పని గని తెరిచి ఉన్న ఏళ్లలోనే జరగాలి.